సీటు సేటు

మొన్న ఒక పెళ్లికి పోతూ తెలిసినవాళ్ల కారెక్కాను. కూర్చోకముందే నా చెయ్యి సీటు మీదికి పోయింది. గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నలిపి, గోరుతో ఒకసారి అడ్డంగా గీసి చూశాను. కారాయన అద్దంలోంచి చూసి అక్కడేమైనా అంటిందా అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆ అలవాటు మా మామది. ఆయన పోయి ఏళ్లయింది. నా వేళ్లకు అది ఎప్పుడు అంటుకుందో నాకే తెలియదు.

ముంబై దగ్గరి భివండీలో, మా తెలుగు నేతగాళ్ల పేట పద్మనగర్‌లో, ఆయన్ను అందరూ సీటు సేటు అనేవాళ్లు. నేనూ ఆ పేరే రాస్తాను. అసలు పేరు ఇంటివాళ్లకే ఉండనీ. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. భివండీలో నాలుగు సాంచాలున్న ప్రతివాడూ సేటే. సీటు సేటు మాత్రం ఆయనొక్కడే.

మా అమ్మకు తమ్ముడు. పొట్టి మనిషి. తెల్ల పైజామా, మోచేతుల దాకా చొక్కా, రెండు చెవుల్లో దూది. సాంచాల మోతకు చెవులు చెడుతాయని పద్మనగర్‌లో అందరికీ తెలుసు, కానీ దూది పెట్టుకున్న సేటును ఇంకొకరిని నేను చూడలేదు. ఆ దూది ఇంట్లో కూడా తీసేవాడు కాదు. అత్తమ్మ గొంతు పెంచి ఏదైనా అడగబోతే ఆయన చెయ్యి చెవి దగ్గరికి పోయేది. దూదిని లోపలికి సర్దుకుంటున్నాడంటే ఇక ఆ మాట అక్కడితో సరి.

టాక్సీ కానీ, ఆటో కానీ, పెళ్లికొడుకు పూలకారు కానీ, మామ ముందు సీటు గుడ్డ చూసేవాడు. ఒకసారి చుట్టాల శవాన్ని తీసుకుపోయే బండిలో డ్రైవరు పక్కన కూర్చోవలసి వచ్చింది. అందరూ ఏడుస్తుంటే ఈయన వంగి సీటు కుట్టు చూస్తున్నాడు. ఎవరైనా నవ్వితే ఒకటే మాట అనేవాడు: "కారును బయటి నుంచి ఊరంత చూస్తది. లోపటి సంగతి కూసున్నోనికే ఎరుక."

ఇదంతా ఎట్లా మొదలైందంటే, తొంభైల నడుమ ఆగ్రా రోడ్డు మీద కొత్త కొత్త విదేశీ కార్లు తిరగడం మొదలైన రోజుల్లో, ఘాట్ కొండల అవతలి ఒక చిన్న కార్ల కంపెనీ నుంచి ఒక ఇంజనీరు సీట్ల గుడ్డ వెతుక్కుంటూ భివండీ వచ్చాడు. మరాఠీ ఆయన, నెమ్మదస్తుడు. వాళ్లది ఒకే ఒక్క కారు. తాతల నాటి ఆకారం. కొత్త కార్ల ముందు అది అమ్ముడుపోవడం లేదు. ఇంజనూ అడుగు భాగమూ అవే ఉంచి, ముఖం, దీపాలు, లోపలి సీట్లు మార్చి కొత్తగా తయారు చేద్దామని కంపెనీ అనుకుంది. సీట్ల పని ఈయనకు అప్పగించారు. అప్పట్లో మామ కొన్ని సాంచాల మీద సోఫాల గుడ్డ నేయించేవాడు. ఎవరో ఆ అడ్రసు చెప్పారు.

నేను పద్మనగర్ తెలుగు బడిలో పంతులును. మరాఠీ, ఇంగ్లీషు చదవగలను కాబట్టి మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మొదటి నమూనా ఆయన ఎంతో ఇష్టపడి నేయించాడు. ఎరుపు మీద బంగారు జిగి. ఇంజనీరు దాన్ని వెలుతురులో పట్టి చూసి, సేటుగారూ, మా కారులో బ్యాండు మేళం వాళ్లు మాత్రమే తిరగరు గదా అన్నాడు. మామ ముందు ముడుచుకుపోయాడు, తర్వాత అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆ నవ్వుతో వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది. చెమటకు రంగు పోకూడదనీ, ఎండకు వెలిసిపోకూడదనీ, నిప్పురవ్వ పడితే మంట పాకకూడదనీ ఇంజనీరు ఓపికగా చెప్పేవాడు. మామ విని, నేయించి, తప్పు వస్తే మళ్లీ నేయించేవాడు. చివరికి బూడిద రంగు మీద ఏటవాలుగా సన్నటి నీలం గీతలున్న గుడ్డ ఒకటి కుదిరింది. ముట్టుకుంటే గరుకు, కూర్చుంటే మెత్తన.

అది ఒప్పుకున్నాక ఇంజనీరు మమ్మల్ని కంపెనీకి పిలిపించాడు. ఒక పెద్ద రేకుల షెడ్డులో మైనం కలిపిన మట్టితో అసలు కారంత బొమ్మ కారు చేసి పెట్టారు. ఎడమ పక్క ఒక తీరు, కుడి పక్క ఇంకో తీరు. ఏది బాగుంటే అది ఉంచుతారట. దాని పక్కనే కర్రల చట్రం. చక్రాలు లేవు, తలుపులు లేవు, పైకప్పు లేదు. లోపల నాలుగు సీట్లు, వాటికి మామ గుడ్డ. కూర్చొని చూడమన్నారు. మామ చెప్పులు విడిచి ఎక్కాడు. ముందు డ్రైవరు సీట్లో, తర్వాత పక్క సీట్లో, తర్వాత వెనక రెండింట్లో కూర్చున్నాడు. చివరి సీట్లో కళ్లు మూసుకున్నాడు. భోజనానికి పిలిచినా దిగలేదు. "జర సేపు ఆగు అల్లుడా. ఇంక ఊరు రాలె" అన్నాడు. ఇంజనీరుకు తెలుగు రాకపోయినా ఆ మాట అర్థమైనట్టే నవ్వాడు.

భివండీ వచ్చిన వారానికే పని మొదలుపెట్టాడు. అంత మందపు గుడ్డకు మామూలు సాంచాలు ఆగవు. ఒక వరుస తేలిక సాంచాలు తీసేసి, బరువైనవి తెచ్చి, నేల తవ్వి సిమెంటుతో బిగించాడు. వాటి మీద సన్న నూలుతో రోజువారీ కోరాగుడ్డ నేస్తే గిట్టదు. అవి ఆ పనికే. వాటిని నడపడానికి మల్లయ్యను ఎంచుకున్నాడు. మల్లయ్యది జగిత్యాల దిక్కు. భూమి లేదు. కార్ఖానా అటక మీద పడుకునేవాడు. భార్య, చిన్న బిడ్డ ఊళ్లో ఉన్నారు. పని నిలదొక్కుకుంటే ఒక ఖోలీ, ఒంటిగది ఇల్లు, కిరాయికి తీసుకొని వాళ్లను తెచ్చుకుంటానని చెప్పేవాడు. మాట తక్కువ. తెగిన పోగును వెతికి ముడివేయడంలో ఉన్నంత శ్రద్ధ మాటల్లో ఉండేది కాదు.

సాంచాలు తయారయ్యాయి. ఆర్డరు రాలేదు.

ఇంజనీరు ఫోన్ చేసి చెప్పిన సంగతి నేనే మామకు విప్పి చెప్పాను. కంపెనీ పెద్దల్లో కొందరికి వేరే ఆలోచన వచ్చింది. పాత కారునే మారుస్తూ కూర్చుంటే మూడేళ్లు పడుతుంది, లోపల అదే ముసలి ఇంజను, పొగ రూల్సు వస్తే అదీ మార్చాలి. అదే బయటి దేశంలో తయారై ఉన్న కారును తెస్తే పెట్టెల్లో ముక్కలు దిగుతాయి, ఇక్కడ బిగించి అమ్మడమే. ఇంకొందరు ఒప్పుకోవడం లేదు. పెట్టెలు ఆగిపోతే మనం ఆగిపోతాం, మన కారు మన చేతిలో ఉండాలి అంటున్నారు. తేలేదాకా సాంచాలు సిద్ధంగా ఉంచమన్నారు.

మామ ఉంచాడు. వానాకాలం పోయింది, ఎండాకాలం పోయింది. ఒకసారి పాతదే మారుస్తామన్న కబురు, ఇంకోసారి బయటిదే తెస్తామన్న కబురు. ఈలోగా ఆయన పద్మనగర్ చాయ్ హోటల్లో కార్ల పెద్ద అయిపోయాడు. కండెలకు నూలు చుట్టేవాళ్లూ, పడుగు చుట్టిన బీములు మోసేవాళ్లూ చుట్టూ కూర్చొని వినేవాళ్లు. సైకిలు కూడా లేని మనుషులు పాత కారు మార్చాలా, కొత్త కారు తేవాలా అని రెండు జట్లుగా వాదులాడుకునేవాళ్లు. మామ బల్ల మీద గ్లాసులు పేర్చి, ఇది అడుగు భాగం, ఇది ఇంజను అని చూపించేవాడు. నా చేత పేపర్లలో కార్ల వార్తలన్నీ చదివించుకునేవాడు. బయటి కారు ఏదైనా నచ్చక జనం వాపసు ఇచ్చారని ఎక్కడైనా ఉంటే ఆ ముక్క రెండుసార్లు చదవమనేవాడు.

ఇంట్లో మాత్రం నవ్వు లేదు. సంచుల గుడ్డ నేసిపెట్టమని ఒక వ్యాపారి కార్ఖానాకే వచ్చి అడిగాడు. ఆ బరువు సాంచాలకు సరిపోయే పని. మామ కాదన్నాడు. కంపెనీకి మాటిచ్చాను, రేపే ఆర్డరు వస్తే బీములు దించి ఎక్కించేసరికి నెల పోతుందని వాదన. అత్తమ్మ నా ముందే అడిగింది, వాళ్లు నీకేం మాటిచ్చారని. మామ దూది సర్దుకున్నాడు. మిగతా వరుసల మీద నేసే కోరాగుడ్డతోనే ఇల్లు గడిచేది. మల్లయ్య పగలు ఆ వరుసల్లో నేసి, సాయంత్రం ఖాళీ సాంచాలకు నూనె పెట్టి, దుమ్ము తుడిచేవాడు. మామ ఒక స్టూలు వేసుకొని వాటి ఎదురుగా కూర్చునేవాడు. అటూ ఇటూ సాంచాలు మోగుతుంటే నడుమ ఆ వరుస చప్పుడు లేకుండా నిలబడి ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంజనీరు చెప్పకుండా వచ్చాడు. కంపెనీ బండిలో కాదు, సర్కారు ఎస్టీ బస్సులో. ఆయన ముఖం చూడగానే మాకు అర్థమైంది. అయినా ఆయన మొత్తం చెప్పాడు. బయటి కారే తెస్తున్నారు. సీట్లు కూడా పెట్టెల్లోనే వస్తాయి. మట్టి కారును పగలగొట్టి డబ్బాల్లో వేసేశారు. మామ అన్నీ విని, మన దిక్కు ఎవరూ మాట్లాడలేదా అని హిందీలో అడిగాడు. చివరి మీటింగులో బయటి కారుకు చెయ్యి ఎత్తినవాళ్లలో తానూ ఉన్నానన్నాడు ఇంజనీరు. పాతది మార్చేదాకా కంపెనీ బతకదని తనకు అనిపించిందనీ, ఆ మాట ఫోన్లో చెప్పడం మంచిది కాదని వచ్చాననీ అన్నాడు.

కొడతాడేమో అనుకున్నాను. మామ లోపలికి తిరిగి అత్తమ్మతో, సారుకు జొన్నరొట్టె, పప్పు పెట్టమన్నాడు. ఇంజనీరు తినలేక తిన్నాడు. చేతులు కడుక్కుంటుంటే మామ అడిగాడు, ఆ కారు సీటు ఎట్లా ఉందని. బాగుందన్నాడు ఇంజనీరు. మనదానికంటేనా అంటే, అవును, మెత్తగా ఉందన్నాడు. మామ తలూపాడు. గల్లీ చివరిదాకా వెళ్లి ఆటో ఎక్కించి వచ్చాడు.

ఇక అయిపోయింది, సంచుల గుడ్డ అయినా ఎక్కించమని నేను చెప్పాను, అత్తమ్మ చెప్పింది. మామ ఆ వరుసను కదిలించలేదు. కారు ఇంకా రోడ్డు మీదికి రాలేదు గదా, వచ్చాక చూడాలి అన్నాడు. వచ్చాక, జనం కొనాలి గదా అన్నాడు. అది నిజంగానే ఎక్కువ మంది కొనలేదు. ముక్కల పెట్టెలు ఖరీదయ్యాయి. కొన్నేళ్లకు కంపెనీ గేటే మూతపడింది. ఆ వార్త చదివి వినిపిస్తే సంతోషిస్తాడనుకున్నాను. ఇంకోసారి చదవమనలేదు. "ఇగ ఆలోచించేటోళ్లు సుత లేకపాయె" అన్నాడు. ఇన్నేళ్లూ వాళ్లు మళ్లీ ఆలోచిస్తారనే ఆయన కూర్చున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత రెండేళ్లకు అదే ప్రశ్న మా ఇంటి గడప దాటి లోపలికొచ్చింది. మామ కొడుకు, నా బామ్మర్ది, చదువు ఆపి కార్ఖానా చూసుకుంటున్నాడు. బయటి దేశంలో వాడి తీసేసిన పెద్ద సాంచాలు, పోగును అటూ ఇటూ మోసే నాడె లేకుండా నడిచేవి, ఓడల్లో దిగుతున్నాయి. ఒక మనిషి ఎన్నో చూసుకోవచ్చు. పాతవాటికి ఇంకో మోటారు, ఇంకో పరికరం పెట్టి బాగుచేయడం కంటే అన్నీ పాత ఇనుముకు ఇచ్చి అవే తెద్దామని వాడు పట్టుబట్టాడు. అట్లా చేస్తే సగం మంది నేతగాళ్లకు పని ఉండదు. ఆ సగంలో మల్లయ్య ఉన్నాడు. మామ దూది సర్దుకుంటాడని అందరం అనుకున్నాం. ఆయన రెండు చెవుల్లోనూ దూది తీసి కొడుకు చెప్పిందంతా విన్నాడు. కానీ ఎటూ తేల్చలేదు. ఒక రోజు బడికి వచ్చి, సెలవు పెట్టు, పూర్ణకు పోయివద్దాం అన్నాడు.

కంపెనీ మూతపడ్డాక ఇంజనీరు భివండీ పక్కనే ఉన్న పూర్ణ ఊళ్లో ఒక గోదాములో మేనేజరుగా చేరాడట. మామ ఎట్లా కనుక్కున్నాడో తెలియదు. ఎత్తయిన రాక్‌ల నడుమ, డబ్బాలు దింపించుకుంటూ నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి కుర్చీలు తెప్పించాడు. మామ కుశలం కూడా అడగకుండా, ఆ రోజు మీరు చెయ్యి ఎత్తింది మంచిదేనా అని అడిగాడు. తప్పుపట్టే గొంతు కాదది. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

ఇంజనీరు ఉన్నదున్నట్టు చెప్పాడు. పాతది మార్చినా మునిగేవాళ్లమేమో, కొత్తది తెచ్చి ఎట్లాగూ మునిగాం, ఏది మంచిదో తనకు ఇప్పటికీ తెలియదన్నాడు. ఒక్కటి మాత్రం తప్పేనన్నాడు. ఎటూ చెప్పకుండా అన్నాళ్లు మీలాంటివాళ్లను నిలబెట్టడం. లేదని మొదట్లోనే చెప్పి ఉంటే మీ దారి మీరు చూసుకునేవాళ్లు. సిద్ధంగా ఉండమన్న మాటే మిమ్మల్ని కట్టేసింది.

ఇంటికి రాగానే మామ కొడుకును పిలిచి, ఆ సాంచాలు తెచ్చుకో అన్నాడు. పనివాళ్లకు మాత్రం తానే చెబుతానన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయిన వేళ కార్ఖానాకు వెళ్లాం. మోత లేదు. మల్లయ్య ఒక బీము దగ్గర కూర్చొని పోగులు ముడేస్తున్నాడు. మామ ఆయన ఎదుట నిలబడ్డాడు.

"పెద్దోడు బయటి సాంచాలు తెస్తుండు మల్లయ్యా. ఇవన్ని పోతయి. ఇగ నీకీడ పనుండది."

"ఎరుకే సేటు" అన్నాడు మల్లయ్య, చేతిలో పోగు వదలకుండా.

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పుడేంది. ఆ ఇంజనీరు సారు అచ్చిపోయిననాడే అనుకున్న, ఈ వరుస ఇగ నడువదని."

మామ గొంతు తగ్గింది. "మరి ఇన్నేండ్లు ఎందుకున్నవురా?"

మల్లయ్య ఆ ముడి పూర్తి చేశాడు. "కనేరి కార్ఖానోళ్లు రెండుసార్లు పిలిచిన్రు. పోదామనే అనుకున్న. నేను పోతె మీరొక్కలే కూసుంటరు గద ఈ సాంచాల ముంగట. ఎట్ల పోవాలె?"

మామ స్టూలు కోసం చెయ్యి చాచి, దాన్ని అందుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు. మల్లయ్య బిడ్డ ఊళ్లో బడికి పోయే ఈడు దాటిపోతోంది. ఖోలీ తీసుకోలేదు. భార్య రాలేదు. అటక మీద అదే పరుపు, అదే ట్రంకు. మల్లయ్య ఉన్నాడు కాబట్టి ఈ వరుసకు దిక్కుందని మామ అనుకున్నాడు. మామ ఉన్నాడు కాబట్టి మల్లయ్య కదల్లేదు. ఇద్దరిలో ఏ ఒక్కరు లేచినా రెండోవాడు లేచేవాడే.

ఆ సాయంత్రమే మామ మల్లయ్యను వెంటబెట్టుకొని భివండీలోనే ఉన్న కనేరికి వెళ్లాడు. నేనూ వెళ్లాను. అక్కడ ఒక కార్ఖానా సేటు, మామకంటే చాలా చిన్నవాడు, కుర్చీలో కూర్చొని ఉన్నాడు. మామ నిలబడే మాట్లాడాడు. బతుకులో ఎవరినీ ఏదీ అడగని మనిషి చేతులు జోడించి, ఈయనంత మంచి నేతగాడు నా దగ్గర ఇంకొకడు లేడు, పని ఇవ్వండి అని అడిగాడు. ఆ సేటు లేచి నిలబడి, అంత మాటెందుకు, ఇప్పుడే ఎక్కమనండి అన్నాడు. మల్లయ్య చొక్కా విప్పి మేకుకు తగిలించి అప్పుడే ఒక సాంచా దగ్గరికి పోయాడు.

మేం తిరిగి వస్తున్న రిక్షా టెంపోల నడుమ ఇరుక్కుపోయింది. ముందుకు లేదు, వెనక్కు లేదు. మామ రోడ్డు వైపు చూస్తూ అన్నాడు:

"కంపెనోళ్లను తిట్టుకుంట కూసున్న అల్లుడా నేను. మల్లయ్య నన్ను ఒక్కనాడు తిట్టలె."

అని, రిక్షా దిగి, వచ్చిన దారిన నడవడం మొదలుపెట్టాడు. నేనూ దిగి వెంట వెళ్లాను. కనేరి కార్ఖానాలో సాంచాలు పూర్తి మోతతో నడుస్తున్నాయి. మల్లయ్య మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు. మామ ఆయన చెవి దగ్గరికి వంగి అరిచాడు, ఒక్కసారి నన్ను తిట్టరా అని. పక్కనే ఉన్న నాకు వినబడింది. మల్లయ్యకు వినబడలేదు. చెవి మీద చెయ్యి పెట్టి, జర ఆగండి సేటు, కండెలో నూలు అయిపోవస్తోంది అని సైగ చేశాడు.

మామ నిలబడ్డాడు. కండె అయిపోయింది. మల్లయ్య సాంచా ఆపి, చెమట తుడుచుకొని, "ఏంది సేటు?" అని అడిగాడు.

మామ ఆయన ముఖంలోకి చూశాడు.

"ఏం లేదు" అన్నాడు. "జల్ది ఖోలీ చూసుకొని నీ పెండ్లాన్ని, బిడ్డను తోలుకరాపో."